గుంటపడ్డ ముఖం

రోము టంకశాలలో నేను సుత్తివాణ్ణి. కింది అచ్చులో చక్రవర్తి తల, ఆకుల కిరీటంతో. పై అచ్చులో రెక్కల జయదేవత. అది నా ఎడమచేతిలో ఉంటుంది. హెర్మెరోస్ పట్టకారుతో కాలిన బంగారు బిళ్ళ పెడతాడు, నేను కొడతాను. దెబ్బ దెబ్బకీ పై అచ్చు తిప్పి చూసుకోవాలి. అది నా పని.

ఆ రోజు చూసుకోలేదు. సరిహద్దు సైన్యానికి నాణేలు వెంటనే పంపాలని తొందర పెట్టారు. కొట్టిన నాణెం పై అచ్చుకే అంటుకుపోయింది. దానితోనే ఇంకో బిళ్ళను కొట్టేశాను. వచ్చినదానికి ఒకవైపు చక్రవర్తి బాగానే ఉన్నాడు. రెండోవైపు దేవత లేదు. అదే తల తిరగబడి, లోపలికి గుంటపడి ఉంది, పగిలిన పుర్రె లోపలివైపులాగా.

"అన్నా, ఇంకో దెబ్బెయ్యి. చదునైపోద్ది," అన్నాడు హెర్మెరోస్.

"ముఖం పడ్డాక దానిమీద సుత్తెత్తితే మన తలుంటుందంట్రా?"

"పొద్దుట్నుంచీ ఆయన్నే కదా బాదుతున్నావు."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ముఖం పడేదాకా అది బంగారం, పడ్డాక చక్రవర్తి. మాకదే కట్టుబాటు. నాణెం బుట్టలో వేశాను.

సాయంత్రం తనిఖీ అధికారి అఫ్రానియుస్ దాన్ని చూసి తెల్లబోయాడు. సరిహద్దులో ఓడిపోయామని ఆ వారమే కబురొచ్చింది. దేవత పారిపోయింది, చక్రవర్తి వెనక్కి తిరిగాడు, ఇది శకునమని ఎవడన్నా అంటే ముందు తన తలే పోతుందన్నాడు. మా ఇద్దరిలో ఒకణ్ణి హిస్పానియా గనులకు పంపక తప్పదన్నాడు. అక్కణ్ణుంచి తిరిగొచ్చిన మాలాంటి బానిసను నేను చూడలేదు.

పెద్దవాణ్ణని నన్నే అడిగాడు.

"పై అచ్చు చూసుకోవాల్సింది ఎవర్రా?"

హెర్మెరోస్ నావంక చూడలేదు. నేను నిజమే చెబుతానని అతని నమ్మకం. పట్టకారు తుడుచుకుంటున్నాడు.

"బిళ్ళ పెట్టేవాడే అయ్యా," అన్నాను.

తుడవడం ఆపాడు. అధికారి అతనివైపు తిరిగి, నిజమేనా అన్నాడు.

"అన్న చెప్పాడుగా అయ్యా."

అంతే అన్నాడు. అక్కడే కాళ్ళకు గొలుసు వేశారు.

మర్నాడు హెర్మెరోస్ చోట గౌలు దేశంవాణ్ణొకణ్ణి తెచ్చి పెట్టారు. పనేంటో చెప్పమన్నాడు ఆ కొత్తవాడు. దెబ్బ దెబ్బకీ వంగి, నా చేతిలోని పై అచ్చును కిందినుంచి చూడమన్నాను.

సుత్తి కింద తల పెట్టాలా అని అడిగాడు.

ఇక్కడ పద్ధతి అదేనన్నాను.