తెల్లగీత వంకర

ఆట మళ్ళీ పాడైందని అన్న రూఫస్ ఫోన్ చేసినప్పుడు బెట్సీ పెద్దగా పట్టించుకోలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా సీతారాండేరా బస్తీలోని అన్న ఇంటికి వెళ్ళడం, భోంచేసి ఇద్దరూ చిన్నప్పటి కార్ల పందెం వీడియోగేమ్ ఆడుకోవడం రెండేళ్ళుగా అలవాటే. ఆ ఆట ఆడే పెట్టె ఎప్పుడో మూలపడింది. బెట్సీ బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది గనక, పాత పెట్టె చేసే పనంతా చేసే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాంని అన్న కంప్యూటర్‌లో ఎక్కించి ఆటని మళ్ళీ బతికించింది.

ఆ ఆదివారం తెర నిజంగానే బాగాలేదు. రోడ్డు మీద నిలువునా సన్నటి నల్లగీతలు మెరిసి మాయమవుతున్నాయి. కారు కింద నీడ లేదు.

"ఏటి కెలికినావు అన్నయ్యా?"

"బొమ్మ మసగ్గా ఉందని రిజల్యూషన్ పెంచినాను. నాలుగింతలు."

"అదీ సంగతి. పాత ఆట కదా, అంత సాగదీత్తే అతుకులన్నీ బయటపడతాయి."

రిజల్యూషన్ తగ్గించగానే నల్లగీతలు పోయాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేస్తే నీడ కూడా వచ్చింది. రూఫస్ కంట్రోలర్ అందుకుని, మొదటి మలుపులోనే కారుని గోడకి కొట్టాడు.

"ఇంకా ఉందే. నడిమి తెల్లగీత వంకరపోతంది."

అది బెట్సీకి తెలిసిన జబ్బే. ఆ కాలపు పెట్టెల్లో దగ్గరికొచ్చే రోడ్డు కొంచెం మెలికలు తిరిగేది. దాన్ని సరిచేయడానికి సెట్టింగుల్లో ఒక మీట ఉంది. అది నొక్కాక గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది.

"ఠీక్ హై. ఇప్పుడు సూడు."

"అలాగే ఉంది. మజ్జలో బూడిద రంగు మచ్చ కూడా."

గ్రాఫిక్స్ కార్డు పని ప్రాసెసర్‌కి అప్పగించి చూసింది. ఆట నత్తలా నడిచింది గాని, మచ్చ అలాగే ఉందన్నాడు. కేబుల్ మార్చింది. వదిన అనిత టీ ఇచ్చి, "మీ అన్నకి ఈ మజ్జ ఇదే ద్యాస. ఒక్కడే కూకుని ఆ గీతనే సూత్తాడు," అని లోపలికి పోయింది.

బెట్సీకి ఇక ఒకటే దారి మిగిలింది. ఆట ఆపి, తెరని స్క్రీన్‌షాట్ తీసి తన ఫోన్‌లోకి పంపుకుంది. ఫోన్‌లో గీత నిటారుగా ఉంది. అన్న చేతికిచ్చింది.

"ఎక్కడుందో సూపించు."

రూఫస్ బొమ్మ నడుమ వేలు పెట్టాడు. బెట్సీ ఫోన్‌ని అడ్డంగా తిప్పింది. మళ్ళీ నడుమే పెట్టాడు. ఆమె నెమ్మదిగా ఆ బొమ్మ తీసేసి, గోడకున్న క్యాలెండర్ చూపించింది.

"ఆ గళ్ళు తిన్నగా ఉన్నాయా?"

రూఫస్ కుడి కన్ను మూసి చూశాడు, తర్వాత ఎడమది. కంట్రోలర్‌ని ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు నెలలు. కంప్యూటర్‌దే అనుకున్నాను. నువ్వు బాగు చేసేత్తే, అదేనని నమ్మీసుందును."

రూఫస్ గోవింద్‌పూర్ వైపు ఒక కార్ఖానాలో క్రేన్ ఆపరేటర్. షెడ్డు పైకప్పు కింద క్యాబిన్‌లో కూర్చుని, టన్నుల బరువున్న ఇనుప కడ్డీల కట్టలు ఎత్తి దించుతాడు. బెట్సీ ఆ సంగతి ఆలోచించడానికి భయపడుతూనే అడిగింది.

"క్యాబిన్‌లోంచి?"

"వైరు రోప్ వంగినట్టు కనిపిత్తంది. కింద కట్టలకి కొక్కెం తగిలించే రత్నం చెయ్యి ఊపుతాడు. దాన్ని బట్టి దించుతన్నాను. మొన్న ఒక్కసారి కట్ట రెయిలింగ్‌కి తగిలింది. ఎవరికీ ఏటీ అవనేదు."

"రేపే చెప్పాలి."

"డిసెంబర్‌లో ఎలాగూ కంపెనీ మెడికల్ చెకప్ ఉంది. అందాకా ఆగు. క్రేన్ మీంచి దించేత్తే నన్నేటి చేత్తారు? నా నోటికాడ కూడు తీసేత్తావా?"

"రత్నం కూతురు నా క్లాసులోనే ఉంది," అంది బెట్సీ. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

రూఫస్ లేచి కంప్యూటర్ స్విచ్ తీసేశాడు. ఆమె వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె బడికి సెలవు పెట్టి వచ్చేసరికి, అతను చొక్కా వేసుకుని తయారుగా కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు రెండు కళ్ళూ చూసి, రెటీనా మధ్యలో రక్తనాళాలు కారి మచ్చ కట్టిందని చెప్పాడు. ఇంజెక్షన్లతో ఇంకా ముదరకుండా ఆపొచ్చు. పోయిన చూపు మాత్రం రాదు. నాలుగు నెలల కిందట వచ్చుంటే, అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. రూఫస్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆటో ఎక్కి, తనే కార్ఖానాకి పోనిమ్మన్నాడు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి చదివి, ఆ పూటే క్రేన్ నుంచి తప్పించి టూల్ స్టోర్‌కి వేశాడు. పదిహేడేళ్ళు ఎక్కి దిగిన నిచ్చెన వైపు రూఫస్ చూడలేదు. బయట గేటు దగ్గర నిలబడ్డ చెల్లెలి వైపూ చూడలేదు.

మూడు వారాలు ఫోన్ చేయలేదు. బెట్సీ చేస్తే అనిత ఎత్తేది. "తింటన్నాడు, పడుకుంటన్నాడు. మాటే నేదు," అనేది. చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, ఆఖరి ప్రార్థన కాకుండానే లేచిపోయేవాడు. బెట్సీ బడిలో పిల్లల హాజరు వేస్తూ రత్నం కూతురి పేరు దగ్గరికొచ్చేసరికి, తను చేసింది తప్పు కాదని మనసులో చెప్పుకునేది. దానివల్ల గుండె బరువేమీ తగ్గేది కాదు.

నాలుగో శనివారం మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు.

"స్టోర్‌లో డబ్బాల మీద నంబర్లు సన్నగా ఉన్నాయి. ఎవుడినైనా అడిగితే నవ్వుతాడు. నల్ల మార్కర్లు ఉంటే తే."

ఆమె సాక్చి బజారులో అట్టలు, మార్కర్లు కొనుక్కుని వెళ్ళింది. రూఫస్ నేల మీద కూర్చుని, స్పానర్ల సైజులు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చెప్పాడు. ఆమె పద్నాలుగో నంబరు రాసిన మొదటి అట్టని మొహానికి దగ్గరగా పెట్టుకుని, కాస్త పక్కకి జరిపి, చూపు అంచు నుంచి చదవడానికి ప్రయత్నించాడు.

"ఇంకొంచెం పెద్దగా రాయి," అన్నాడు.

బెట్సీ దాన్ని తిరగేసి, అట్టంతా నిండేలా పద్నాలుగు అని రాసింది.