చాయ్ చల్లారని ఆదివారం

వినాయక చవితి దాటిన ఆదివారం, సాయంత్రం ఐదుంబావుకు నాచారంలో గాలి ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం లేదు. దండెం మీద చీర ఎగిరింది ఎగిరినట్టే నిలబడింది. పూజగదిలో దీపం పటంలో గీసినట్టు కదలడం మానేసింది. కుక్కరు విజిల్ వేయబోయి గొంతులోనే ఆపుకుంది.

"మళ్ల మొదలైంది," అంటూ సూర్యకళ గరిటె పక్కన పెట్టింది.

ఇంటి వెనక ఖాళీ జాగాలో ఆమె కూతురు ప్రవీణ ఆదివాసీ పిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. అందులో ఉట్నూరు వైపు గోండు గూడెం నుంచి వచ్చిన సిడాం భీంబాయి వీళ్ళింట్లోనే ఉంటోంది. ఆ పిల్ల కూతకు వెళ్ళి ఊపిరి బిగపట్టిందంటే, మళ్ళీ తీసుకునేదాకా నాచారంలో ఆకు కదలదు.

పక్కింటి రామస్వామి గోడ మీంచి తొంగి చూశాడు. "అక్కా, చాయ్ ఎంతకూ సల్లారుతలేదు. పొల్లను జర ఊపిరి దీస్కోమను."

"పొల్లకు గాదు తమ్మీ, దాని కోచమ్మకు చెప్పు. నా మాట వింటదా అది?"

సూర్యకళ విసుగంతా కూతురి మీదే. పొద్దున కాల్చిన మక్క కంకి ఇవ్వబోతే భీంబాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. "మా ఊర్లె కొత్తల పండుగ కాలే అమ్మమ్మా. దేవునికి పెట్టకముందు కొత్త పంట ముట్టం." నైవేద్యం కానిదే మంచినీళ్ళు తాగని సూర్యకళకు అది వేరే చెప్పాలా? పండుగ ఎల్లుండే. పోయొస్తానంటుంది పిల్ల. వద్దంటుంది ప్రవీణ. రేపటినుంచి ఉప్పల్‌లో శిక్షణ శిబిరం, మధ్యలో సెలవుల్లేవు. పోతే జట్టులో చోటు పోయినట్టే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇదే గొడవ.

"పోయినేడు పండుగకు పోయినోళ్ళు ఒక్కరన్న తిరిగొచ్చిన్రా అమ్మా? వీళ్ళు నిలవరని స్పోర్ట్స్ ఆఫీసుల నన్ను జూసి నవ్విన్రు. గీ పొల్ల అసువంటి ఆట మళ్ల దొరకదు."

"బతుకమ్మకు నిన్ను గ్రౌండ్లనే ఉండుమంటే ఉంటవానే?"

"ఉన్న. ఉన్నందుకే గింతదాన్నైన."

"నీకు పోయిందని దానికీ పోవాల్నా?"

ప్రవీణ కంచం తీసుకుని లేచిపోయింది.

ఇప్పుడు సూర్యకళ చాయ్ కప్పులు పళ్లెంలో పెట్టుకుని వెనక జాగాలోకి వెళ్ళింది. ఈరోజు జట్టును ఎంపిక చేయడానికి గోవర్ధన్ సారు వచ్చాడు. భీంబాయి ముగ్గురిని తాకి నడిమి గీత దాటి వచ్చేసింది. అయినా కూత ఆపలేదు. గీత మీదే నిలబడి, ప్రవీణనే చూస్తూ, సన్నగా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉంది.

గోవర్ధన్ సారు విజిల్ ఊదాడు. మోగలేదు. దులిపి మళ్ళీ ఊదాడు.

"గెలిచినవ్ బేటీ, ఇగ సాలు. ఏందమ్మా ప్రవీణా ఇది? విజిల్ మోగక ఆట ఎట్ల అయిపోవాలె? పేర్లు ఎప్పుడు చెప్పాలె?"

కప్పుల మీద పొగ దారాల్లా నిటారుగా నిలిచి ఉంది. భీంబాయి పెదాలు నల్లబడుతున్నాయి.

"ఎంతసేపని బిగవట్టుకుంటదే," అంది సూర్యకళ మెల్లగా.

ప్రవీణ తల దించుకుంది. "సరే, పండుగకు పో."

కూత ఆగలేదు.

ప్రవీణ పిల్లను చూసింది, కాళ్ళ కింద పరిచిన కబడ్డీ మాట్లను చూసింది. "చోటు పోదు. మేమే వస్తం. మాట్లు చుట్టుకొని మీ గూడెంలనే పరుస్తం. సార్, శిబిరం ఆడనే."

"గదెట్లా? ఉప్పల్‌ల ఉండాలని..."

"ముందు విజిల్ ఊది సూపెట్టుర్రి సార్."

సారు విజిల్ వైపు చూసుకున్నాడు. భీంబాయి వైపు చూశాడు. "సరే తియ్. ఆఫీసుల నేను మాట్లాడుకుంట."

భీంబాయి ఊపిరి తీసుకుంది. నాచారమంతా ఒక్కసారే గాలి ఆడింది. సూర్యకళ చీర రామస్వామి డాబా మీద పడింది. కుక్కరు కూసింది. సారు చేతిలో విజిల్ ఎవరూ ఊదకుండానే మోగింది.

తెల్లవారి ట్రాలీలో మాట్లు ఎక్కించారు. ప్రవీణ విజిల్ మెళ్ళో వేసుకుని డ్రైవర్ పక్కన కూర్చుంది. మాట్ల మీద కూర్చున్న భీంబాయితో "దేవునికి పెట్టంగనే ఫోన్ జెయ్యి బిడ్డా," అంది సూర్యకళ. మిగిలిన కంకులు పొట్టు తీయకుండా పూజగదిలో పెట్టింది.

కాసేపటికి రామస్వామి గోడ మీంచి చీర అందిస్తూ, "అక్కా, ఇయ్యాల మక్కలు కాల్చలేదా?" అన్నాడు.

"రేపటి దాంక ఆగు తమ్మీ," అంది సూర్యకళ చీర మడత పెడుతూ. "మాకు కొత్తలు ఇంక కాలే."