మరక పడిన పెట్రోలు

గుమ్మఘట్ట దగ్గరి చెరువులో నీళ్లుంటే అందులో కార్ట్ పందెం ఉండదు. పందెం ఉందంటే ఆ ఏడు కూడా వాన మొండిచెయ్యి చూపిందని లెక్క. నాలుగేళ్లుగా పందెం ఒక్కసారీ ఆగలేదు.

కార్ట్ అంటే మరీ గొప్పగా ఊహించుకోవద్దు. నాలుగు బుల్లి చక్రాలు, ఇనుప గొట్టాల చట్రం, నేలకు జానెడెత్తున సీటు, వెనక పాత ఫోర్‌స్ట్రోక్ స్కూటర్ ఇంజను, అంటే పెట్రోలులో ఆయిలు కలపక్కర్లేనిది. ఎక్కి కూర్చుంటే చాప మీద కూర్చున్నట్టే ఉంటుంది. బోరు మోటార్లు బాగుచేసే యేసన్న తన కార్టును పాత గేటు గొట్టాలతో తానే అతికించుకున్నాడు. ఏడో తరగతి మధ్యలో బడి వదిలిన మనిషి, ఇంజను విప్పడం మాత్రం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. బండి నడిపేది అతని అక్క మారెమ్మ కూతురు సువార్త. ఈసారి మొదటి స్థానం వస్తే కోయంబత్తూరులో తారు ట్రాక్ మీద జరిగే పోటీకి పోవచ్చు. సువార్త ఇంతవరకు మట్టి మీద తప్ప నడపలేదు. రెండు నెలలుగా అన్నం తింటూ కూడా కంచాన్ని స్టీరింగులా తిప్పుతోంది.

ఈ పందెంలో అన్నిటికన్నా గట్టి నియమం పెట్రోలుది. మొదటి ఏడు ఒకాయన బెంగళూరు నుంచి పందేల కోసమే చేసిన పెట్రోలు తెప్పించాడు. లీటరు కొనాలంటే కూలి మనిషికి రెండు రోజుల కూలి. ఆయన బండి దుమ్ము తప్ప మిగతావాళ్లకు ఏమీ కనపడలేదు. మరుసటి ఏడు సగం మంది రామని మొండికేశారు. అప్పుడు నాగేశ్వర పూనుకున్నాడు. ఆయన గుంతకల్లు రైల్వేలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాడు, కళ్లద్దాలు తీస్తే గాని నవ్వడు. ఆయన పెట్టిన నియమం ఇది: అందరికీ ఒకే బంకు పెట్రోలు, ఒకే డ్రమ్ము. తలా మూడు లీటర్లు ఆయనే పోస్తాడు. అందులో ఏమీ కలపకూడదు. పందెం అయ్యాక ముందొచ్చిన ముగ్గురి ట్యాంకుల్లోంచి సీసాడు చొప్పున పరీక్షకు తీసి, ట్యాంకుల్లో మిగిలింది చుక్క వదలకుండా మళ్లీ డ్రమ్ములో పోయాలి. పారబోయడమనే మాట ఈ సీమలో ఎవరికీ నచ్చదు. సీసాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, అవీ గాజువే.

పందెం రోజు పొద్దున టీ అంగడి దగ్గర విజయభాస్కర్ యేసన్న పక్కన చేరాడు. రాయదుర్గంలో జీన్స్ కుట్టించే మనిషి, కిందటేడు మొదటి స్థానం ఆయనదే.

“యేసన్నా, నీ బండి వేడెక్కనే ఎక్కదే! నాది నాలుగు రౌండ్లకే పొయ్యి మాదిరి కాలిపోతాండాది. ఏం చేసినావో చెప్పన్నా.”

అదే సమయానికి మారెమ్మ, హెల్మెట్ కింద తల కాగకుండా, కూతురి మాడుకు ఆముదం అద్దుతోంది. అది చూడగానే యేసన్న నాలుకకు దురద పుట్టింది.

“ఎవురికీ చెప్పొద్దప్పా. ఆముదం. ట్యాంకులో రెండు మూతలు. తలకు సలవ చేసేది ఇంజనుకు చేయదా?”

“నిజమా?”

“మా నాయన మీద ఒట్టు.”

యేసన్న నాయన మీద ఒట్టు వేశాడంటే అది అబద్ధమని గుమ్మఘట్టలో కుక్కలకు కూడా తెలుసు. పాపం, విజయభాస్కర్‌ది రాయదుర్గం.

మధ్యాహ్నానికి పందెం ముగిసింది. సువార్త ఆఖరి మలుపులో విజయభాస్కర్‌ను లోపలి వైపు నుంచి దాటి, ముందుగా గీత దాటింది. యేసన్న టవల్ గాల్లోకి విసిరాడు. అది పోయి తుమ్మకంప మీద పడింది.

నాగేశ్వర తెల్ల కాగితం పరిచి, మూడు సీసాల్లోంచి ఒక్కో చుక్క వేశాడు. మంచి పెట్రోలైతే ఆరిపోయాక కాగితం మీద ఆనవాలుండదు. విజయభాస్కర్ చుక్క మాయమైంది. మూడో స్థానం ఓబిలేష్ చుక్కా మాయమైంది. సువార్త చుక్క ఆరింది గాని, కందిబేడంత జిడ్డు మరక మిగిలింది.

“ఆముదం!” విజయభాస్కర్ ఎగిరాడు. “పొద్దున ఈయప్పే చెప్పినాడు, నా చెవిలో!”

“తమాషాకి అన్నానప్పా!”

“పోయినేడు నా స్టూలుకు కోడిని కట్టేసి, నేను కాదంటివి,” అన్నాడు నాగేశ్వర. “కాగితం తమాషాలు చేయదు యేసన్నా. పాప పేరు కొట్టేస్తాండా.”

సువార్త హెల్మెట్ చంకలో పెట్టుకుని మామ ఎదుటికి వచ్చింది.

“మామా, వేసినావా?”

“లేదు పాపా. మా నాయన—”

“ఒట్టు వేయొద్దు. ఊరికే చెప్పు.”

“వేయలేదు.”

“ఎట్ల నమ్మేది?” అంది.

అది యేసన్నకు తగలాల్సిన చోటే తగిలింది. మళ్లీ చుక్క తీద్దామంటే, మిగిలింది అప్పటికే డ్రమ్ములో పోసేశారు, ట్యాంకు ఖాళీ. అతను కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు, వాసన చూశాడు. సందేహం లేదు, ఆముదమే! తాను ఆడిన అబద్ధం తనకు తెలియకుండా నిజమెట్లయింది? కోపం పక్కకు పోయి, విప్పని మోటారు ఎదుట కూర్చున్నప్పటి ఆరాటం పట్టుకుంది. డ్రమ్ము అందరిదీ. గరాటు అందరిదీ. ట్యాంకు తానే కడిగాడు. ఇక మిగిలింది ఒక్కటే. సీసా మెడలోకి చిటికెనవేలు దూర్చాడు. వేలు జారింది.

“అక్కా, ఈ సీసా యాడిది?”

“ఇంట్లోదే,” అంది మారెమ్మ. “గాజుది కావాలంటివి కదా. ఆముదం పొద్దున్నే అయిపోతే బూడిదేసి కడిగిచ్చినా. అద్దం మాదిరి ఉండాదని నువ్వే అంటివి.”

“అక్కాతమ్ముడు కలిసి బాగనే కత కడతాండారు,” అన్నాడు విజయభాస్కర్.

“నా మాట నమ్మొద్దప్పా. నేను ముట్టుకోను కూడా. చేతులు ఎనక్కి కట్టండి!”

ఓబిలేష్ నిజంగానే జీన్స్ గుడ్డ పీలికతో కట్టేశాడు. యేసన్న చెప్పినట్టు నాగేశ్వర డ్రమ్ములోంచి తానే పెట్రోలు పట్టి, విజయభాస్కర్ సీసాలో కొంత, సువార్త సీసాలో కొంత పోసి కుదిపాడు. కొత్త కాగితం మీద రెండు చుక్కలు. చెరువులో ఉన్నవాళ్లంతా దాని మీదికి వంగారు. ఎవరి నీడ పడినా పక్కవాడు తోశాడు.

మొదటి చుక్క మాయమైంది. రెండోది కందిబేడంత మరకై కూర్చుంది.

“చూసినారా సారూ, డ్రమ్ము కూడా దొంగే! దాని పేరు కూడా కొట్టేయండి!” అన్నాడు యేసన్న.

నాగేశ్వర కళ్లద్దాలు తీశాడు. “నువ్వు వేసినావో లేదో నాకు తెల్దు. సీసా మాత్రం వేసింది. నా నియమం బండికి గాని సీసాకు కాదు.” కొట్టేసిన పేరు పైన మళ్లీ సువార్త అని పెద్దగా రాశాడు. దాని కింద, వచ్చే ఏటి నుంచి సీసాలు తానే తెస్తానని కూడా రాశాడు.

సువార్త మామ చేతుల కట్లు విప్పుతుంటే విజయభాస్కర్ దగ్గరికి జరిగాడు.

“ఇప్పుడైనా చెప్పన్నా. ఆముదం వేస్తే ఇంజను సల్లగుంటాదా?”

యేసన్న నోరు తెరిచాడు. సువార్త విప్పుతున్న ముడిని ఒకసారి గట్టిగా లాగింది.

“నాకు తెల్దప్పా,” అన్నాడు. “ఎప్పుడూ వేయలా.”

“దాయొద్దులే అన్నా, నాకు అర్థమైంది,” అని కన్ను గీటి, విజయభాస్కర్ మారెమ్మ వైపు నడిచాడు.

“అక్కా, మీరు ఆముదం యాడ ఆడిస్తారు?”