పోలిరాజు బండికి కొత్త వైరింగు

"ఖాళీగానే ఉన్నావు గదే. బండి వైరింగు పని నువ్వే సూసీరాదా?"

నా భర్త పోలిరాజు ఈ మాట అన్నప్పుడు నేను గుమ్మం ముందు పీట మీద కూర్చుని చేపలు తోముతున్నాను. అప్పటికి పొద్దున్న తొమ్మిదయింది. వీధి కొళాయి దగ్గర వరసలో నిలబడి ఆరు బకెట్ల నీళ్లు తెచ్చాను. అత్తకి తల దువ్వి, కాళ్లకి నూనె రాశాను. ఆయన విడిచిన బట్టలు ఉతికి ఆరేశాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఇవన్నీ ఆయన కళ్లెదుటే జరిగాయి. అయినా ఆ మాట నాకు గుచ్చుకోలేదు. కొన్నాళ్లుగా నాకు ఏదీ గుచ్చుకోవడం లేదు. మోకాలు బల్లకి కొట్టుకుంటే, మర్నాడు కమిలిన మచ్చ చూసి తగిలిందని తెలుసుకునేదాన్ని. మాటలూ అంతే. చేతులకంటిన పొలుసు కడుక్కుని, "సూత్తాను" అన్నాను.

బండి అంటే అంబాసిడర్ టాక్సీ. డెబ్బై నాలుగు మోడలు. ఇరవై రెండేళ్లలో ముగ్గురు యజమానులు మారి, మేము బతకడానికొచ్చిన ఈ బెంగాలీ నగరంలో మా ఏక్‌బాల్‌పూర్ సందులోకి వచ్చింది. హెడ్‌లైటు వేస్తే వైపరు ఆగిపోయేది. హారను కొడితే లైట్లు గుడ్డిగా అయ్యేవి. వైర్ల మీది గుడ్డ తొడుగు చివికి, ముట్టుకుంటే పొడిలా రాలేది. ఒకసారి వాన పడుతుంటే డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చి, లోపలున్న ఆసామీ గొడుగు వదిలేసి పారిపోయాడు. నెల తిరిగేసరికి ఫిట్‌నెస్ తనిఖీ ఉంది. అందులో తప్పితే బండి రోడ్డెక్కదు. వైరింగు మిస్త్రీ అడిగిన డబ్బు మా దగ్గర లేదు. అందుకని నేను గుర్తొచ్చాను.

నాకు ఆ పని వచ్చని ఆయనకి తెలుసు. ఖిదిర్‌పూర్‌లో ఫ్యాన్ల కార్ఖానాలో పదకొండేళ్లు కాయిల్స్ చుట్టాను, సీసం కరిగించి వైర్లకి టాంకాలు వేశాను, కాలిపోయిన మోటార్లు విప్పి ఎక్కడ తెగిందో పట్టుకునేదాన్ని. "ఆడవాళ్ల వేళ్లు సన్నం, అందుకే ఈ పని బాగా కుదురుతుంది" అనేవాడు సూపర్‌వైజరు. సన్నటి వేళ్ల గ్రేడు మాత్రం మొదటి రోజు నుంచీ చివరి రోజు దాకా 'హెల్పరు'. నేను చుట్టిన కాయిల్స్ తట్టలో ఎత్తుకుపోయే మగవాళ్లు మిస్త్రీలు. యూనియన్‌లో అడిగాం. "ఈసారి మగవాళ్ల గ్రేడు తేలనీ దీదీ, వాళ్లకి సంసారాలున్నాయి. మీది వచ్చేసారి చూద్దాం" అన్నాడు యూనియన్ నాయకుడు. నేనూ జెండా పట్టుకుని ఊరేగింపుల్లో నడిచాను, ఎండలో గొంతు పోయేలా అరిచాను. వచ్చేసారి రాకముందే కార్ఖానాకి తాళం పడింది. రెండేళ్లయింది. నేను పని పోయి ఇంటికి వచ్చిన రోజు, "పోన్లే, ఇంట్లో అమ్మకి తోడుంటావు" అన్నాడు పోలిరాజు. మా అమ్మాయి అప్పటికే పెళ్లై అత్తవారి ఊరు బడ్జ్ బడ్జ్ వెళ్లిపోయింది. అప్పట్నించీ నేను ఖాళీ.

మల్లిక్ బజార్ వెళ్లి, తుక్కు చేసిన బండ్లలోంచి లాగిన వైర్ల కట్టలు ఏరుకున్నాం. పైన ఎండకి పాడైనా, మధ్యలో రాగి మెరుస్తూనే ఉంటుంది. ఆ ముక్కలు కోసి తీసుకున్నాను. హెడ్‌లైట్లకి మాత్రం కొత్త వైరు, లావుది, కొనాలని పట్టుబట్టాను. దుకాణం వాడు నేనడిగిన ప్రతి ప్రశ్నకీ పోలిరాజు మొహం చూసి జవాబు చెప్పాడు. రంగులు ఎరుపూ నలుపూ రెండే దొరికాయి. ఏ వైరు దేనిదో తెలియడానికి పాత చీర చింపి పేలికలు కట్టాను. ఎడమ ఇండికేటరుకి ఒక ముడి, కుడిదానికి రెండు, బ్రేకు లైటుకి మూడు.

పని ఎనిమిది రోజులు పట్టింది. వంటయ్యాక, గిన్నెలు తోమాక, ముందు సీటు తీసేసి నేల మీద వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కిందికి దూరేదాన్ని. తుప్పు కళ్లలో పడేది. పాత బండికి ఫ్యూజులు రెండే, భారమంతా వాటి మీదే. తుక్కులో దొరికిన పెట్టె ఒకటి బిగించి వేటికవి విడదీశాను. హెడ్‌లైట్ల కరెంటంతా స్విచ్చిలోంచి తిరిగి వచ్చి దారిలోనే నీరసపడేది. రిలే అనే చిన్న పెట్టె బిగించి బ్యాటరీ నుంచి తిన్నగా ఇచ్చాను. మధ్యలో అత్త పిలిస్తే బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, ఆవిడకి మంచినీళ్లిచ్చి మళ్లీ దూరేదాన్ని. బయట పోలిరాజు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి, వచ్చేపోయే వాళ్లకి చెప్పేవాడు: "వైరింగంతా మార్సీత్తన్నాను. మా ఆడది సాయం పడతాంది."

ఒకరోజు టాక్సీ స్టాండు వాళ్లు నలుగురు చూస్తుంటే, నా చేతిలోంచి కుడి ఇండికేటరు వైరు లాక్కుని తనే మెలిపెట్టి టేపు చుట్టాడు.

"టాంకా ఎయ్యాలి" అన్నాను లోపల నుంచి.

"అంతక్కర్నేదే. గట్టిగానే బిగించినాను."

నేను తరవాతి వైరు అందుకున్నాను. వాదించాలంటే ముందు కోపం రావాలి.

ఎనిమిదో రోజు సాయంత్రం పోలిరాజు స్విచ్చి వేశాడు. రెండు హెడ్‌లైట్లూ ఎదురుగోడ మీద తెల్లగా పడ్డాయి. హారను మోగినా అవి చెక్కు చెదరలేదు. వీధిలో వాళ్లు చప్పట్లు కొట్టారు. పోలిరాజు వాళ్ల మధ్యలో నిలబడి నవ్వుతున్నాడు. నాకేమైనా అనిపిస్తోందా అని లోపల వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. పప్పు పొయ్యి మీద ఉందని గుర్తొచ్చి లోపలికి వెళ్లాను.

తనిఖీ రోజు నన్నూ రమ్మన్నాడు. "ఎందుకైనా మంచిది. నువ్వు ఎనక సీట్లో ముసుగేసుకు కూకో. ఎవులైనా అడిగితే ఆసుపత్రికి తీసుకెల్తన్నానంటాను." సరే అన్నాను. రోగిష్టిదానిలా ఒక మూలకి ఒరిగి కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకు కష్టం కాలేదు. అదే కొంచెం వింతగా అనిపించింది.

తనిఖీ చేసే మైదానంలో పదిహేను ఇరవై టాక్సీలున్నాయి. మా స్టాండులోనే నడిపే గురువులు అనే అతని బండి మా వెనకే ఉంది. బెంగాలీ ఇన్‌స్పెక్టరు వచ్చి లైట్లు వేయించాడు. బ్రేకు తొక్కించాడు. వైపరు, హారను, ఎడమ ఇండికేటరు, అన్నీ బాగున్నాయి. కుడిది వెలగలేదు.

పోలిరాజు స్విచ్చి పైకీ కిందికీ కొట్టాడు. దిగి బానెట్ ఎత్తాడు, దించాడు. చెమటలు కారిపోతుంటే వెనక కిటికీలోకి తల పెట్టి, "ఏటే ఇది? సరిగ్గా సేసినావా నేదా? ఏటి సెయ్యాలి సెప్పు బేగి" అన్నాడు గొంతు తగ్గించి.

"డ్యాష్‌బోర్డు కింద రెండు ముడుల వైరు. ఊడిపోయుంటాది."

ఆయన వంగి వెతికాడు. ఆ చీర పేలికలు ఆయన ఎప్పుడూ సరిగ్గా చూసి ఉండడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని కాగితం మీద ఏదో రాయబోయాడు.

నేను తలుపు తీసుకుని దిగాను. ముసుగు తీసి కొంగు నడుముకి చుట్టుకున్నాను. ముందు తలుపు తెరిచి నేల మీద మోకాళ్లాన్చి లోపలికి దూరాను. వైరు ఊడి వేలాడుతోంది. పళ్లతో తొడుగు చీల్చి, టాంకా ఇంటికెళ్లాక వెయ్యొచ్చని, ఇప్పటికి రాగి మెలిపెట్టి, బిగించి ఆ టేపే చుట్టాను. రెండు నిమిషాలు పట్టిందేమో. "ఇప్పుడెయ్యి" అన్నాను. వెలిగింది, ఆరింది, వెలిగింది.

ఇన్‌స్పెక్టరు ఫ్యూజుల పెట్టె, పేలికల ముడులు వంగి చూశాడు. "మిస్త్రీ కే?" అన్నాడు. మిస్త్రీ ఎవరని.

పోలిరాజు నవ్వి, "మా ఇంటావిడండీ, ఏదో కొంచెం కొంచెం వచ్చు" అని బెంగాలీలో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఆయన వైపు చూడలేదు. "మంచి పని, దీదీ" అని సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

కింద రేకు అంచు గీరుకుని మోచేతి దగ్గర రక్తం వచ్చింది. మండింది. తగిలిన వెంటనే మండింది.

"అందర్లో నా పరువు తీసీసినావు" అన్నాడు పోలిరాజు పళ్ల బిగువున. "సెప్తే నాను సేసీవోణ్ని గదా."

ఊడిన వైరు ఎవరు చుట్టిందో ఆయనకి గుర్తులేదు. నేను కొంగుతో మోచెయ్యి అద్దుకున్నాను. ఈలోగా గురువులు మా దగ్గరికి వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు, మా ఊళ్లవైపు వాడే.

"అన్నా, నా బండి కూడా సేయించీవా? వొదిన సేతిలో పనితనవుంది."

పోలిరాజు మొహం వెలిగింది. ఇందాకటి పరువు ఇలా తిరిగొస్తుందని ఆయన అనుకోలేదు. "ఆదోరం తోలుకొచ్చీరా. పగలంతా ఇంట్లోనే పడుంటాది. సేసేత్తాది."

"ఆదోరం నాను సెయ్యను" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఏమి?" అన్నాడు పోలిరాజు.

"ఆదోరం నాకు సెలవు."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. కార్ఖానా రోజుల్లో కూడా ఆదివారమంటే వారం బట్టలన్నీ ఉతికే రోజు. గురువులు నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. "సోమారం తే తమ్ముడా. కూలెంతో నాతో మాటాడు" అన్నాను. అతను ఒకసారి పోలిరాజు వైపు చూసి, "అలాగే వొదినా" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ముందు సీట్లో కూర్చున్నాను. మా సందు మొదట్లోకి వచ్చాక పోలిరాజు అన్నాడు: "సెలవంట, సెలవు. ఎవులిచ్చినారే నీకు?" కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం నేను లేవలేదు. కొళాయి వచ్చిన చప్పుడు, బకెట్లు రాసుకుంటున్న చప్పుడు చాప మీద పడుకునే విన్నాను. పోలిరాజు రెండుసార్లు పిలిచాడు, గిన్నె ఒకటి విసిరాడు. చివరికి బకెట్టు తీసుకుని తనే వెళ్లాడు. కొళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వితే సగం బకెట్టుతో తిరిగొచ్చి, అది దబ్బున గుమ్మంలో పెట్టి టీ కొట్టుకి పోయాడు. నాకు భయం వెయ్యలేదు, గర్వమూ కలగలేదు. పైకప్పు రేకులు ఎన్నో లెక్కపెట్టాను.

కాసేపటికి మా అత్త అమ్మన్నమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. రేవు దగ్గర గోనెసంచులు కుట్టి కుట్టి వేళ్లు వంకర్లు పోయాయి. ఆ వేళ్లతో నా నుదురు తడిమింది.

"జొరవా, కాసులూ?"

"జొరం కాదత్తా. సెలవు."

తిడుతుందనుకున్నాను. ఆవిడ నా పక్కనే చాప మీద కూలబడింది. గుమ్మంలోని సగం బకెట్టు వైపు చూసింది. తరవాత, ఎవరైనా వింటారేమోనన్నట్టు, మెల్లగా అడిగింది.

"సెలవు నాడు ఏటి సేత్తారే?"

"నాకూ తెల్దత్తా" అన్నాను. ఆవిడ నడుం వాల్చడానికి చోటిచ్చి, గోడవైపు జరిగాను.