ఎడమ తలుపు హ్యాండిల్

ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ ఆయన పని ఒక్కటే. తయారైన ప్రతి ముక్కనీ కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి తిప్పి పంపడం. అందుకే తోటివాళ్లు మిల్లీమీటరు అని పేరు పెట్టారు. వాళ్లు కడుపుమంటతో పెడితే ఆయన బిరుదనుకున్నాడు. పెళ్లి సంబంధాలనీ అలాగే కొలుచుకుంటూ కూర్చున్నాడని అనేవాళ్లు. నిజమో అబద్ధమో గానీ, రిటైరయ్యేనాటికి ఇంట్లో ఆయనా, ఆయన తల్లీ ఉన్నారు. తర్వాత ఆవిడా పోయింది.

ఒక పొద్దున "కాఫీ పెట్టనా?" అని తనే అడిగి, "పెట్టు" అని తనే చెప్పుకున్నాక ఆయనకి భయమేసింది. ఆ వారమే వెళ్లి, ఇంచుమించు తన వయసున్న డొక్కు కారొకటి కొనుక్కొచ్చి షెడ్డులో పెట్టుకున్నాడు.

ఇంజను ఫరవాలేదు. లోపలే, ఎలుకలు కాపురం చేసి వెళ్లిపోయాయి. టాపు గుడ్డ చిరిగి వేలాడుతోంది, సీట్లలో స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చాయి. కొత్త సామాను తగిలించడానికి ఆయన ప్రాణం ఒప్పదు. ఆ మోడల్‌దే కావాలి, ఆ నాటిదే కావాలి. కాళ్లరిగేలా తిరిగితే దుకాణాలవాళ్లు నవ్వి పంపేశారు. చివరికి ఎవరో ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. వేరే ఊళ్లో, భర్త పోయాక పాత కార్ల తుక్కు దుకాణాన్ని ఒంటిచేత్తో నడుపుతున్న ఆవిడది.

"ఆ మోడల్ బళ్లు మా దగ్గర రెండు పడున్నాయి అన్నయ్యగారూ. ఏమేం కావాలో ఒక్కొక్కటీ చెప్పండి, విప్పించి పంపుతాను" అంది.

ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచినవాళ్లు అంతకుముందు లేరు. ఒక్కొక్కటీ అంది కదా అని ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. అన్నీ ఒకేసారి చెబితే ఒక్క ఫోన్‌తో సరిపోయేది. లోపలి లైటు మూత, డాష్‌బోర్డు గడియారం అద్దం, వెనక సీటు చేతిదిండు... ఒక్కోదానికి కొలతలు చెప్పడానికో ఫోన్, పార్సిలు వేశానని ఓ ఫోన్, అందిందని ఓ ఫోన్. మధ్యలో ఆవిడ మోకాళ్ల నొప్పులూ, ఈయన కూర మాడిపోవడాలూ. ఫోన్ వస్తుందనుకున్న రోజున మన మిల్లీమీటరు నున్నగా గడ్డం గీసుకునేవాడు. ఫోన్‌లో గడ్డం ఎవరికి కనిపిస్తుందని ఆయన్ని అడిగే దిక్కెవరు?

అలా అలా అన్నీ వచ్చేసి, ఆఖరికి ఎడమ తలుపు అద్దం దించే హ్యాండిల్ ఒక్కటి మిగిలింది. అదీ వచ్చింది. పాలిష్ పెట్టి రుద్ది తలుపుకి బిగించాడు. చక్కగా అమరింది. తిప్పితే అద్దం హాయిగా కిందికి దిగింది. అప్పుడు తట్టింది ఆయనకి. ఇంక ఆ కారుకి కావలసింది ఏమీ లేదు. ఆవిడతో మాట్లాడే పనీ లేదు.

హ్యాండిల్ విప్పేసి ఫోన్ చేశాడు. "ఇది కుడివైపుదమ్మా. నాకు ఎడమవైపుది కావాలి."

"అలాగా అన్నయ్యగారూ. వెనక్కి పంపండి, ఇంకోటి వెతుకుతాను."

అన్నేళ్లూ ఊరందరి దొంగ కొలతలు పట్టిన మనిషి చెప్పిన మొదటి దొంగ కొలత అది. సిగ్గుపడాల్సింది పోయి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మళ్లీ ఒకటి వచ్చింది. ఆ సంబరంలో సరిగ్గా చూడనైనా చూడకుండా, లోపలి పళ్లు సరిపోలేదని తిప్పి పంపేశాడు. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం పాత అలవాటు ఊరుకోక వెలుతురులో పట్టుకుని చూశాడు. హ్యాండిల్ మెడ సందులో తన పాలిష్ తెల్లగా ఎండి ఉంది. మొదట వచ్చింది ఇదే. కుడి తలుపుది విప్పి పక్కన పెట్టుకుంటే రెండూ అచ్చం కవలపిల్లలు. కుడీ లేదు, ఎడమా లేదు.

తల కొట్టేసినట్టయింది. రోజూ ఆ తుక్కులోనే బతికే మనిషికి ఈ సంగతి తెలియదా? ముసలాడికి మతి పోయిందని నలుగురికీ చెప్పి నవ్వుకుని ఉంటుంది. ఆయన ఇంక ఫోన్ చేయలేదు. హ్యాండిల్ బిగించి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్క సీటు రెక్సిన్ మీద ఒక్క ముడత లేదు. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని ఎక్కించుకోవాలో తోచలేదు. ఫోన్ మోగితే పలకలేదు. మర్నాడూ మోగింది. కారుకి అన్నీ అమిరాయి, తను మాత్రం ఎవరికీ అక్కర్లేని సామానులా మిగిలిపోయానని ఏడుపొచ్చింది. ఇంకోసారి మోగినప్పుడు ఎత్తాడు.

"అందిందా అన్నయ్యగారూ? సరిపోయిందా?"

"మొదటిసారే సరిపోయిందమ్మా. నేనే అబద్ధం చెప్పాను."

"తెలుసు. దానికి కుడీ ఎడమా ఎక్కడున్నాయి?"

"తెలిసీ మళ్లీ మళ్లీ అదే ఎందుకు పంపారు? నాలుగు తిట్టి ఫోన్ పెట్టేయొచ్చుగా."

అవతల దుకాణంలో సుత్తి చప్పుడు కానీ మనిషి అలికిడి కానీ వినిపించలేదు.

"మీరు వద్దన్నది అదొక్కటే కదా అన్నయ్యగారూ" అంది ఆవిడ. "ఇంకోటి పంపితే బాగుందని ఉంచేసుకుంటారేమోనని భయమేసింది."