నాలుగువేళ్ళ కుట్టు

సరస్సు అడుగున దొరికిన విమానం తోకని షెడ్డులో బల్లలు కలిపి వాటి మీద పడుకోబెట్టారు. ఎంత కడిగినా బురద వాసన పోలేదు.

"ముట్టుకోవచ్చా బాబూ?" అంది తల్లి.

"అందుకేగా రమ్మన్నాం," అన్నాడు విచారణాధికారి. భూతద్దం తీసి ఆమె ముందు పెట్టాడు.

కూతురు తల్లి భుజం పట్టి ముందుకు నడిపించింది. తండ్రి విమానంతో సహా మాయమైన రోజున ఆ పిల్ల ఇంకా పలక మీద దిద్దుకుంటోంది. కంపెనీ వాళ్ళు వారం తిరక్కుండా తేల్చేశారు, పైలట్ తాగి నడిపాడని. విమానం దొరకలేదు, శవం దొరకలేదు, నింద మాత్రం దొరికింది. బళ్ళో తాగుబోతు కూతురు అన్నారు. కాలేజీలో వెనక నుంచి అన్నారు. ఆ మాట తుడిచెయ్యడానికే లాయరయింది. ఇన్నాళ్ళకి ఆనకట్ట మరమ్మతు కోసం నీళ్ళు వదిలేస్తే, బురదలోంచి ఈ తోక బయటపడింది.

చిక్కల్లా ఒక్కటే. ఆ దారిలో కంపెనీ పోగొట్టుకున్నది ఒక విమానం కాదు, రెండు.

రెండూ ఒకే తయారీ. రెండు ప్రొపెల్లర్లు, ఒకే రెక్కలు. కానీ ఆ విమానంలో మూడు రకాలున్నాయి. మొదటి రకానికి చిన్న ఇంజన్లు. నడక తక్కువ, మూలుగు ఎక్కువ. వర్క్‌షాపులో దాన్ని ముసలమ్మ అనేవాళ్ళు. రెండో రకానికి పెద్ద ఇంజన్లు, వేగం ఎక్కువ. అది కోడలు. మూడోది పొట్ట సాగదీసి పెద్ద తలుపు పెట్టిన సరుకుల విమానం. దాన్ని నిండుచూలాలు అని ఏడిపించేవాళ్ళు.

నిండుచూలాలికి తోకంతా రేకే. ముసలమ్మకీ కోడలికీ మాత్రం తోకలో కదిలే భాగాలకి గుడ్డ కప్పేవాళ్ళు. రేకు పక్కటెముకల మీద నారగుడ్డ బిగించి, మైనం పట్టించిన దారంతో చేత్తో కుట్టి, పైన వెండిరంగు పూత పూసేవాళ్ళు. ముసలమ్మకి కుట్టుకీ కుట్టుకీ మధ్య నాలుగువేళ్ళు. కోడలికి రెండువేళ్ళే. వేగం పెరిగేకొద్దీ గాలి గుడ్డని పీకుతుంది మరి.

తల్లి ఆ కుట్టుగదిలో పనిచేసింది. పైలట్‌ని చూసింది అక్కడే, చేసుకుంది అక్కడే.

"దీనిమీద నాలుగువేళ్ళ కుట్లున్నాయి," అన్నాడు అధికారి. "అంటే మొదటి రకం. అంటే ముందు పోయిన విమానం. మీవారు నడిపింది రెండో రకం అని కంపెనీయే చెప్పింది."

"ఎలా రెండో రకం అయిందో చెప్పలేదుగా!" అంది కూతురు. "పాత ముసలమ్మకే పెద్ద ఇంజన్లు బిగించి, నంబరు మార్చి, కొత్తది అన్నారు. ఇంజన్ల మేస్త్రి పోయేముందు నాతో చెప్పాడు. తోక సంగతి ఆయనకి తెలీదు. అమ్మకి తెలుస్తుంది. ముందు విమానం పోయాక పాత కుట్టుపనివాళ్ళని తీసేసి అమ్మావాళ్ళని పెట్టుకున్నారు. ఈ కుట్టు అమ్మావాళ్ళలో ఎవరిదైనా సరే, ఇది నాన్న విమానమే."

అధికారి తల ఊపాడు. చిరుగు చూపించాడు. ఒక అంచున మొదలై, కుట్టు దాటి కుట్టు ఊడుతూ గుడ్డ ఆ చివరి దాకా లేచిపోయింది.

"ఇది ఆయన విమానమని తేలితే చాలు. ఇంత గుడ్డ పోయాక ముక్కు పైకెత్తడం ఎవరి తరమూ కాదు. తాగినా, తాగకపోయినా."

కూతురి కళ్ళు తడి అయ్యాయి. "విన్నావా అమ్మా? చూడు. ఎవరిదో పట్టుకో. కుట్టు చూస్తే మనిషిని చెప్పేస్తానంటావుగా. నీ మొగుణ్ణి మింగేసిన ఆ మహాతల్లి ఎవరో తెలియాలి. బతికుంటే వదలను."

తల్లి భూతద్దం పట్టుకుని వంగింది. మడతపడ్డ గుడ్డ కింద, బురద చేరని చోట, దారం ఇంకా పచ్చగా ఉంది. ముడి కూడా ఉంది.

ఎడమపక్కకి.

అందరి ముళ్ళూ కుడికి పడేవి. ఒక్కదాని ముళ్ళే ఎడమకి. "ఎడంచేతమ్మా, నీ ముళ్ళు అద్దంలో చూసినట్టుంటాయే," అని ఫోర్‌మన్ రోజూ వేళాకోళం చేసేవాడు. ఆ ఫోర్‌మనే ఒకరోజు ఈ తోక తెచ్చి ఆమె బల్ల మీద పడేశాడు. "ముసలమ్మది. తొందరగా కానియ్." కుట్టింది. ముసలమ్మ కొలతే కుట్టింది.

ఆమెని పట్టుకున్నది అది కూడా కాదు. ఆ పూత ఇంకా ఆరకముందే మొగుడు అన్నం దగ్గర కూర్చుని చెప్పాడు. "మన ముసలమ్మకి కోడలి గుండెకాయలు పెట్టారోయ్! ఇంక పరుగే పరుగు." ఆమె నవ్వుతూ మంచినీళ్ళు అందించింది. "కుర్రదాని వెంట పడకండి, ఇంటి దారి మర్చిపోతారు," అంది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తోక బల్ల మీదే ఉంది. కుట్లు విప్పి మళ్ళీ కుట్టడానికి ఒక్క పూట చాలు. ఆమెకి తట్టలేదు. ఈ రోజు దాకా తట్టలేదు.

"ఎవరిదమ్మా?" అంది కూతురు.

"నాది."

"నీది ఏంటి?"

"కుట్టు. ముడి ఎటుందో చూడు."

కూతురు ముడిని చూసింది. తర్వాత భూతద్దం పట్టుకున్న తల్లి చేతిని చూసింది. ఎడమ చెయ్యి.

అధికారి కలం మూత తీశాడు. "వాంగ్మూలం ఇస్తారా? పైలట్ మీద మచ్చ పోతుంది. కాకపోతే కారణం రాయాలి. కంపెనీ మూతపడింది, ఫోర్‌మన్ పోయాడు. మిగిలింది మీరే. మీ పొరపాటే అని వస్తుంది."

"పేరు లేకుండా రాయలేరా?" అంది కూతురు.

"పేరు లేకపోతే ఇది ఏ విమానమో రుజువేదీ?"

"రాయండి బాబూ," అంది తల్లి. "ఆయన మంచినీళ్ళు తప్ప ఏదీ తాగి ఎక్కలేదు. అది రాయండి ముందు."

"ఆగండి!" కూతురు అడ్డంగా వచ్చి నిలబడింది. "అది మా అమ్మ కుట్టు కాదు. కళ్ళలో పొరలు. నాన్న పేరు బాగుపడాలని ఏదైనా అనేస్తుంది."

"తీసుకొచ్చింది మీరేగా?"

"తప్పు నాదే."

"నాకు బాగానే కనిపిస్తోందే," అంది తల్లి.

"నువ్వు నోరుముయ్యి!"

అధికారి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. సొరుగులోంచి దారం, సూది, గుడ్డముక్క తీశాడు. "గొడవెందుకు? ఒక్క ముడి వెయ్యండమ్మా. తెలిసిపోతుంది."

తల్లి ఎడమ చెయ్యి చాచింది. అది సూదిని అందుకోకముందే కూతురు దాన్ని పట్టి బల్ల కిందకి లాగింది. ఎముకలు నొప్పెట్టేలా నొక్కి పట్టుకుంది. తల్లి తిరిగి చూసింది. కూతురి మొహంలో క్షమ ఏమీ లేదు. బడి నుంచి ఏడుస్తూ వచ్చి, అది అబద్ధమని చెప్పమ్మా అని గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్ల ఉంది.

తల్లి కుడిచేత్తో సూది అందుకుంది. అవస్థపడి ఒక ముడి వేసింది. వదులుగా, వంకరగా, కుడిపక్కకి పడింది.

అధికారి రెండు ముళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాడు. కలానికి మూత పెట్టాడు.

"మొదటి విమానమే అయ్యుంటుంది. శ్రమ ఇచ్చాం మీకు."

కూతురు కారు నడుపుతోంది. షెడ్డు గేటు దాటాక ఫోను మోగింది. పైలట్ తమ్ముడు. పొద్దుట్నించీ ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందే? తేలిందా? అన్నయ్యదేనా?" ఆత్రంగా ఉన్న ఆ గొంతు కారంతా వినిపించింది.

తల్లి ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది. కూతురి వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కూతురు అద్దంలోంచి ముందున్న రోడ్డే చూస్తోంది.

"కాదు బాబాయ్."

"మరి అన్నయ్య సంగతి?"

కూతురు గేరు మార్చింది.

"తాగే ఉంటాడు బాబాయ్," అంది కూతురు.