కొలిమి చూడని దవడ

నేను ఒక దవడను. ఏ తల్లీ నన్ను కనలేదు. బాలానగర్‌లోని ఓ షెడ్డులో టైటానియం పొడిని లేజర్‌తో పొర మీద పొరగా కరిగించి పేరిస్తే పుట్టాను. క్యాన్సర్ తినేసిన ఎముకను తీసేసి, ఆ చోట నన్ను అంగన్‌వాడీ టీచరమ్మ బాలామణికి అమర్చాలి. ఆమె మళ్లీ నమిలి తినాలన్నా, పిల్లలకు పాట చెప్పాలన్నా నేను సరిగ్గా కూర్చోవాలి.

నాలాంటివాళ్లకు పుట్టుకతోనే ఒక బాధ ఉంటుంది. కరిగిన ప్రతి పొరా చల్లారుతూ ముడుచుకుంటుంది, కింది పొరను లాగుతుంది. ఆ లాగుడంతా ఒంట్లోనే ఉండిపోతుంది. కింద లోహపు పలకకు అతుక్కుని ఉన్నంతసేపూ కదలను. పలకతో సహా కొలిమిలో పెట్టి నెమ్మదిగా కాచి చల్లార్చితే ఆ బిగువు సడలుతుంది. ఆ తర్వాతే నన్ను కోసి తీయాలి. షెడ్డు నడిపే ఫణికుమార్‌కు ఇదంతా కొట్టిన పిండి.

కానీ బాలామణి అన్న రాజేశ్వర్ వచ్చి కూర్చున్నాడు.

"ఎల్లుండి అమాస సార్. రేపు పొద్దుగాల మంచి గడియ ఉన్నదని అయ్యగారు చెప్పిండు. డాక్టర్‌ను గూడ ఒప్పించినం. మీరు ఇయ్యాల ఇయ్యకుంటె ఎట్ల?"

"ఇంకా కొలిమిలో పెట్టాలండీ. రేపటిదాకా పడుతుంది."

"నా చెల్లె సార్. మీకు దండం పెడ్త."

ఫణికుమార్ మెత్తనివాడు. అదే కొంప ముంచింది. నన్ను కొలిమికి పంపకుండానే కోయించాడు. రంపం దాటగానే నా రెండు కొసలూ పైకి లేచాయి, వడ్లగింజంత కూడా కాదు. అతను కొలిచి చూశాడు. చెమట తుడుచుకుని, "స్క్రూలు బిగించేటప్పుడు డాక్టర్లే సర్దుకుంటార్లే" అన్నాడు. సర్దుకోవడమంటే మనుషులకు ఎంత నమ్మకమో!

మంచి గడియలోనే బాలామణి ముఖం తెరిచారు. నేను కూర్చోలేదు. డాక్టర్ నొక్కాడు, తిప్పాడు, మళ్లీ నొక్కాడు. ఒక పక్క స్క్రూ బిగిస్తే రెండో పక్క లేచింది. చివరికి నన్ను పళ్లెంలో పడేసి, దవడ లేకుండానే కుట్టేశారు. ఆ గాయం చీము పట్టింది.

ఫణికుమార్ ఇంకో దవడ చేశాడు. ఈసారి కొలిమి చల్లారేదాకా అక్కణ్ణించి కదల్లేదు. అది బాలామణి కొలతకు అచ్చంగా సరిపోయింది. తీసుకెళ్లడానికి రాజేశ్వర్ రాకపోతే ఫోన్ చేశాడు.

"ఇంకెందుకు సార్? నిన్ననే మట్టి చేసినం."

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన నన్నూ, ఆ రెండో దవడనూ తుక్కుకు వేయడానికి ఫణికుమార్‌కు మనసు రాలేదు. ఎవరైనా తొందరపెడితే సొరుగు తీసి, మా ఇద్దరినీ బల్ల మీద పెట్టి, ఏది వంకరో చెప్పమంటాడు. ఎవరూ చెప్పలేరు. కంటికి ఒకేలా ఉంటాం. మా తేడా తెలిసిన ముఖం ఒక్కటే, అది మట్టిలో ఉంది.